ఐక్యరాజ్యసమితి పాలించే చోట నష్టం జరిగితే ఎవరి మీద దావా వేయాలి?

తిరుపతిలో లా చదువుతున్నానని, మూట్ కోర్టుకి ఈ ప్రాబ్లమ్ ఇచ్చారని రాశారు: ఒక ప్రాంతాన్ని ఐక్యరాజ్యసమితే పాలిస్తోంది, దాని సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ఒకరికి నష్టం జరిగింది, పరిహారం ఎవరిని అడగాలి అని. నేను చిత్తూరు కోర్టుల్లో సివిల్ కేసులు చూస్తాను. నాకు కూడు పెట్టేది అంతర్జాతీయ చట్టం కాదు. కానీ సర్కారు మీద దావాలు వేసిన వాణ్ణి కాబట్టి అక్కడి నుంచే వస్తాను.

బంగారుపాళ్యం వైపు రైతు ఒకాయన తోతాపురి లోడుని, కాగితాలు సరిగా లేవని ఒక శాఖవాళ్లు ఆపేశారు. జూన్ ఎండ. వదిలేసరికి టార్పాలిన్ కింద నుంచి రసం కారుతోంది, లారీ చుట్టూ ఈగలు. గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు కూడా మాకొద్దన్నారు. సర్కారు మీద దావాకి ముందు ఇవ్వాల్సిన సెక్షన్ 80 నోటీసిచ్చి, రెండు నెలలు ఆగి దావా వేశాం. గవర్నమెంటు ప్లీడరు మొదటి మాటే ‘ఇది సార్వభౌమ విధి, దావా చెల్లదు’ అని. 1965 నాటి కస్తూరిలాల్ తీర్పు తెచ్చారు: మీరట్‌లో పోలీసులు పట్టుకున్న బంగారాన్ని స్టేషన్ హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని పాకిస్తాన్ పారిపోయినా ప్రభుత్వం కట్టనక్కర్లేదన్న తీర్పది! మేం 1994 నాటి నాగేంద్రరావు తీర్పు పెట్టాం. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే: స్వాధీనం చేసుకున్న సరుకు అధికారుల నిర్లక్ష్యంతో పాడైతే ప్రభుత్వం బాధ్యత వహించాల్సిందే అన్నారు. డిక్రీ వచ్చింది. డబ్బు చేతికి రావడానికి ఎగ్జిక్యూషన్ పిటిషన్ దాకా పోయాం, అది వేరే పురాణం.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటే. ఇక్కడ ప్రభుత్వానికి రక్షణ ఉందా లేదా అని తేల్చింది ప్రభుత్వం కాదు, కోర్టు.

కొసావోలో అది తిరగబడింది. 1999 జూన్ 10న భద్రతామండలి 1244 తీర్మానంతో అక్కడి పాలన యూఎన్‌మిక్ అనే మిషన్ చేతికొచ్చింది. చట్టం చేసేదీ అదే, అమలు చేసేదీ అదే. 2000లో 47వ నంబరు రెగ్యులేషన్ తెచ్చి, యూఎన్‌మిక్ మీద, దాని ఆస్తుల మీద ఏ కోర్టులోనూ చర్య కుదరదని తనకు తానే రాసుకుంది. అక్కడ నాటో నడిపే కేఫోర్ సైన్యానికీ అలాంటి రక్షణే. జనం ఫిర్యాదులు వినే అక్కడి అంబుడ్స్‌పర్సన్ తన మొదటి ప్రత్యేక నివేదికలోనే దీన్ని తప్పుబట్టారు. అంతర్జాతీయ సంస్థకు రక్షణ ఇచ్చేది స్థానిక ప్రభుత్వం దాని పనిలో వేలు పెట్టకుండా. ప్రభుత్వమే ఆ సంస్థ అయినప్పుడు ఇక ఎవరి నుంచి రక్షణ? మీ మెమోరియల్‌కి, అంటే మీరు రాసిచ్చే వాదనకి, ప్రాణం ఇదే. నేనైతే మొదటి పేజీలోనే పెడతాను.

ఎదుటి పక్షం, ఐక్యరాజ్యసమితి మీద కోర్టు చర్య కుదరదనే 1946 ప్రివిలేజెస్ కన్వెన్షన్ సెక్షన్ 2 చదువుతుంది. మీరు అదే కన్వెన్షన్ సెక్షన్ 29 చదవండి: ప్రైవేటు చట్ట స్వభావమున్న వివాదాలకు ఐక్యరాజ్యసమితి వేరే పరిష్కార మార్గం ఏర్పాటు చేయాలి. చిక్కంతా ఆ ‘ప్రైవేటు’ దగ్గరే. కొసావోలోని మిత్రోవిత్సాలో ఇళ్లు కాలిపోయిన రోమా తెగ కుటుంబాలను సీసపు వ్యర్థాల పక్కన శిబిరాల్లో ఉంచారు. పిల్లల రక్తంలో సీసం చేరింది. పరిహారం అడిగితే, ఇది ప్రైవేటు స్వభావమున్న క్లెయిమ్ కాదని 2011లో ఐక్యరాజ్యసమితి తోసిపుచ్చింది. యూఎన్‌మిక్ 2006లో పెట్టిన మానవ హక్కుల సలహా ప్యానెల్ 2016లో బాధితుల వైపే చెప్పింది, పరిహారం ఇవ్వమంది. కానీ దాని మాట సలహాయే, డిక్రీ కాదు. 2017లో స్వచ్ఛంద విరాళాల నిధి ఒకటి ప్రకటించారు. అదైనా సమాజానికి సాయం, బాధితుల చేతికి పరిహారం కాదు. మా మామిడి రైతుకి కనీసం జప్తుకి అడగడానికి ఒక కాగితమైనా ఉంది.

సైన్యం పంపిన దేశాన్ని పట్టుకుంటే? బెహ్రామి కేసులో అదే ప్రయత్నించారు. 2000లో పేలని క్లస్టర్ బాంబుతో ఆడుకుంటూ ఒక పిల్లవాడు చనిపోయాడు, తమ్ముడికి కళ్లు పోయాయి. తండ్రి ఫ్రాన్స్ మీద స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. ఈ పనులన్నీ ఐక్యరాజ్యసమితివే, అది మా ఎదుట పక్షం కాదు అంటూ 2007లో ఆ కోర్టు కేసును విచారణకే తీసుకోలేదు. మిమ్మల్ని దీనిమీదే గట్టిగా అడుగుతారు, కాబట్టి 2013లో డచ్ సుప్రీంకోర్టు ఇచ్చిన నుహనోవిచ్ తీర్పు దగ్గర పెట్టుకోండి. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో డచ్ సైనికులు చేసిన పనికి, ఐక్యరాజ్యసమితి జెండా కింద ఉన్నా సరే, నెదర్లాండ్స్‌కి బాధ్యత ఉందని అందులో తేల్చారు.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. శాంతి పరిరక్షణ దళాలపై వచ్చే క్లెయిములకు జనరల్ అసెంబ్లీ 1998లో 52/247 తీర్మానంతో హద్దులు పెట్టింది: సాధారణంగా నష్టం తెలిసిన ఆరు నెలల్లో పెట్టాలి, గాయానికో మరణానికో మించితే 50,000 డాలర్లు. మీ ప్రాబ్లమ్‌లో తేదీలు ఇచ్చారేమో ముందు చూడండి. ఇస్తే, అవి ఊరికే ఇచ్చి ఉండరు.