పాపకు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) అనుమానం: నర్సును పెట్టుకోవాలా, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం. పాపకు ఆరేళ్లు. మూడు వారాలుగా జ్వరం వదలట్లేదు, కాళ్ల మీద కమిలినట్టు మచ్చలు. రక్తపరీక్ష చూసి డాక్టరు గారు ల్యుకేమియా కావచ్చు, విశాఖలో బోన్‌మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష చేయించమన్నారు. ప్రైవేటు కంపెనీలో నా జీతం 26 వేలు. 3 లక్షల గ్రూప్ ఇన్సూరెన్స్‌లో పాప పేరుంది. మావారికి టిఫిన్ సెంటర్ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, 6 తులాల బంగారం, పాప పేరిట సుకన్య ఖాతా ఉన్నాయి. ఇంట్లో నర్సును పెట్టుకుంటే నెలకు 25 వేలట. నేనే ఉద్యోగం మానేసి చూసుకోనా? బంగారం అమ్మేయాలా?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ నాకు అర్థమైంది. పరీక్షను మాత్రం డబ్బు గురించి ఆలోచిస్తూ ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. రాజీనామా అసలు ఇవ్వకండి. గ్రూప్ ఇన్సూరెన్స్ మీ ఉద్యోగంతోనే ఉంటుంది. మీరు మానేస్తే పాపకున్న ఆ రక్షణ కూడా పోతుంది. ఇప్పుడు కొత్త పాలసీ తీసుకోబోతే ఈ రిపోర్టుల సంగతి చెప్పి తీరాలి. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు, చెబితే పాలసీ దొరకడమే కష్టం. జీతం లేని సెలవు అడగండి. ఆ సెలవులో ఇన్సూరెన్స్ కొనసాగుతుందా లేదా అన్నది హెచ్ఆర్ వాళ్లతో మెయిల్‌లో రాయించుకోండి.

ఇక నర్సు. అనుమానం నిజమైతే, పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకానికి చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెలలు బరువుగా ఉంటాయి, తర్వాత చాలాకాలం ఎక్కువగా ఇంట్లో మాత్రలే. కీమో ఎక్కించడం, లైన్ (మందు ఎక్కించే గొట్టం) డ్రెస్సింగ్ మార్చడం ఆసుపత్రి నర్సులే చూస్తారు. ఇంట్లో మీ పని థర్మామీటర్ పెట్టడం, చేతుల శుభ్రం, అప్పటికప్పుడు వండిన వేడి భోజనం, ఏ మాత్ర ఎప్పుడు వేశారో నోటుబుక్కులో రాయడం. కీమో మొదలయ్యాక జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. నర్సు ఇంట్లో ఉన్నా అది తప్పదు. వార్డు నర్సమ్మ దగ్గర ఇవన్నీ నేర్చుకోండి, ఆవిడే ఓపిగ్గా చెబుతారు.

నర్సుకివ్వాలనుకున్న డబ్బులో సగం పెట్టి టిఫిన్ సెంటర్‌లో ఒక మనిషిని కుదుర్చుకోండి. మీవారికి మధ్యాహ్నాలు ఖాళీ అవుతాయి, మీరిద్దరూ వంతులు వేసుకోవచ్చు, కొట్టూ మూతపడదు.

ఆసుపత్రి ఖర్చుకు ముందు వైద్య సేవ కార్డు వాడండి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఎక్కడ చేర్చినా సరే, అడ్వాన్స్ కట్టకముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే వైద్యమిత్రను కలిసి, పాప చికిత్స పథకం కింద జరుగుతుందా అని అడగండి. ఇన్సూరెన్స్ 3 లక్షలను పథకం కిందకు రాని చేరికలకు దాచుకోండి. చేరడానికి ముందు 30 రోజుల పరీక్షల ఖర్చు కూడా చాలా పాలసీలు ఇస్తాయి కాబట్టి ఇప్పటి బిల్లులు, చీటీలు అసలువే పెట్టుకోండి.

ఏ కార్డూ ఇవ్వనివి గది అద్దె, తిండి, రాత్రిపూట కారు, తెగిపోయే మీ జీతం. మీ సొంత డబ్బు అంతా వీటికే కావాలి, అదీ చివరి మాత్ర దాకా రావాలి. పిల్ల తేరుకుని ఆడుకుంటుంటే, చేతిలో డబ్బు అయిపోయి మధ్యలో చికిత్స ఆపేసే కుటుంబాలున్నాయి. అలా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఇది తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే చికిత్స పూర్తి చేసిన పిల్లల్లో ఎక్కువమంది కోలుకుంటున్నారు.

అందుకని డిపాజిట్‌లోంచి 50 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతాది 50 వేల చొప్పున చిన్న డిపాజిట్లుగా విడగొట్టండి. బంగారం అమ్మొద్దు, అవసరమైతే బ్యాంకులో కొంత మాత్రమే తాకట్టు పెట్టండి. సుకన్య ఖాతాను ప్రాణాంతక జబ్బు ఉంటే ముందే మూసే వీలుంది, కానీ తెరిచి అయిదేళ్లు నిండాలి. దాని జోలికి చివర్లోనే వెళ్లండి. జబ్బు ఖాయమైతే ఆసుపత్రి సర్టిఫికెట్‌తో రైలు సెకండ్ క్లాస్‌లో పాపకూ, తోడు వెళ్లేవారికీ 75 శాతం రాయితీ వస్తుంది. అగనంపూడికి దువ్వాడ స్టేషన్ దగ్గర.

బోన్‌మ్యారో రిపోర్టు, ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా చేతికి రాగానే నాకు రాయండి. నెలనెలా లెక్క కలిసి వేద్దాం.