రూట్ కెనాల్ తర్వాత నొప్పి లేదు.. అయినా క్యాప్ వేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. కింది దవడలో కుడివైపు పెద్ద పన్ను పుచ్చిపోతే నాలుగు నెలల క్రితం రూట్ కెనాల్ చేశారు. నొప్పి పూర్తిగా తగ్గిపోయింది. దానిపై క్యాప్ తప్పనిసరి అని డాక్టర్ చెప్పారు కానీ, ఖర్చు గురించి ఆలోచించి ఆగిపోయాను. నొప్పే లేనప్పుడు ఉన్న పన్నును అరగదీయించుకుని మరీ క్యాప్ వేయించుకోవడం అవసరమా? దయచేసి తెలియజేయగలరు.
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రూట్ కెనాల్‌లో పంటి మధ్యనుండే గుజ్జును, అందులోని నరాన్ని తొలగిస్తాం కాబట్టి నొప్పి పోతుంది. అయితే నొప్పి లేదన్న ఒక్క కారణంతో ఆ పన్ను గట్టిగా ఉందని అనుకోవడానికి వీల్లేదు. మీ విషయంలో క్యాప్ అవసరమే, అదీ ఇంకా ఆలస్యం చేయకుండా.

పుచ్చు వల్ల పంటిలో కొంత భాగం ముందే పోతుంది. ఆపై వేర్లలోని కాలువల దాకా వెళ్లడానికి నమిలే ఉపరితలం నుంచే దారి చేయాలి. చివరకు మిగిలేది చుట్టూ పలుచని గోడలు, నడుమ ఫిల్లింగ్. ఆ ఫిల్లింగ్ ఖాళీని పూడుస్తుందే గానీ గోడలను అంతగా పట్టి ఉంచలేదు. నమిలినప్పుడల్లా ఎదుటి పంటి కొన ఆ నడిమి గుంటలో దిగి, మొద్దులో మేకు దిగగొట్టినట్లు గోడలను చెరోవైపు నెడుతుంది. ఎడ్లబండి చక్రం చెక్కలు విడిపోకుండా చుట్టూ ఇనుప పట్టా బిగిస్తారు కదా, క్యాప్ పంటికి చేసే మేలు అలాంటిదే. అది పైనుంచి కప్పి, చిగురు దగ్గర చుట్టూ పట్టి, పడే బరువును వేర్ల వైపు మళ్లిస్తుంది.

పగులు పైభాగానికే పరిమితమైతే పంటిని మళ్లీ నిలబెట్టవచ్చు. చిగురు దాటి వేరులోకి నిలువునా దిగితే సాధారణంగా తీసేయడం తప్ప దారి ఉండదు. నా దగ్గరకు వచ్చిన ఒకాయనకు రూట్ కెనాల్ అయి ఏడాదిన్నర దాటింది, క్యాప్ వేయించుకోలేదు. పండగకు చేసిన జంతిక కొరికినప్పుడు టక్కుమన్న శబ్దం వచ్చిందని, నొప్పి మాత్రం లేదని చెప్పారు. సన్నని పరికరం ఆనించి చూస్తే పన్ను ముందు నుంచి వెనక్కి చీలిపోయి, రెండు ముక్కలూ తలుపు రెక్కల్లా వేర్వేరుగా కదిలాయి. వేర్ల చికిత్స చక్కగా జరిగిన పన్ను అది. తీసేయాల్సి వచ్చినందుకు నాకిప్పటికీ బాధగా ఉంటుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ దంత వైద్య కళాశాల రోగుల రికార్డులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలోనూ, రూట్ కెనాల్ తర్వాత క్యాప్ వేయని పళ్లు, వేసినవాటితో పోలిస్తే 6 రెట్లు ఎక్కువగా పోయినట్లు తేలింది.

మరో ప్రమాదం లాలాజలంతో వస్తుంది. మీకు వేసింది తాత్కాలిక ఫిల్లింగే అయితే, అది పనికొచ్చేది కొద్ది వారాలే. తర్వాత దాని అంచుల నుంచి లాలాజలం, దాంతోపాటు సూక్ష్మక్రిములు లోపలికి దిగి, శుభ్రం చేసిన కాలువల్లో మళ్లీ ఇన్‌ఫెక్షన్ తెస్తాయి. కాబట్టి నేరుగా క్యాప్‌కు కొలత ఇచ్చేయకుండా, ముందు ఎక్స్‌రే తీయించి వేర్ల చుట్టూ ఎముక ఎలా ఉందో చూపించుకోండి.

అరగదీయడం గురించి మీ సంకోచం న్యాయమైనదే. సాధారణంగా 1 నుంచి 2 మిల్లీమీటర్ల మేర పంటిని తగ్గించాల్సి ఉంటుంది, అరగదీసిన ఎనామిల్ మళ్లీ పెరగదు. అందుకే కేవలం అందం కోసం ఆరోగ్యంగా ఉన్న పళ్లకు క్యాప్‌లు వేయించుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. రూట్ కెనాల్ చేసిన ముందు పళ్లకు కూడా, పెద్దగా దెబ్బతినకపోతే, ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. నమిలే పన్ను సంగతి వేరు. దాన్ని అరగదీయడం ఇష్టం లేక వదిలేసి, రేపు అది ఊడితే, ఆ ఖాళీలో బ్రిడ్జి కట్టడానికి అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్లను అరగదీయాలి. లేదా దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిపై కృత్రిమ పన్ను అమర్చే ఇంప్లాంట్ పెట్టించుకోవాలి. ఆ ఖర్చు ఒక్క క్యాప్ కంటే ఎంతో ఎక్కువ.

ఖర్చే అడ్డంకి అయితే వెనుక పంటికి మెటల్ క్యాప్ నిరభ్యంతరంగా వేయించుకోండి. చూడటానికి పంటి రంగులో ఉండకపోయినా అది బాగా మన్నుతుంది, దానికోసం అరగదీయాల్సిందీ తక్కువే. గిల్టు నగలు పెట్టుకుంటే మీకు దురద వస్తుందేమో డాక్టర్‌కు చెప్పండి, ఎందుకంటే కొన్ని మెటల్ క్యాప్‌లలో నికెల్ ఉంటుంది. అప్పుడు పింగాణీలా తెల్లగా ఉండే జిర్కోనియా క్యాప్ మేలు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో కూడా విచారించవచ్చు.

క్యాప్ పుచ్చదు గానీ, దాని అంచు కింద చిగురు దగ్గరున్న అసలు పన్ను పుచ్చుతుంది. అక్కడ నరం లేదు కనుక జివ్వుమనడం లాంటి హెచ్చరికేదీ రాదు. రోజూ రాత్రి ఆ అంచు వెంబడి బ్రష్ చేసి, పళ్ల సందుల్లో ఫ్లాస్ (సందులు శుభ్రం చేసే సన్నని దారం) వాడాలి. క్యాప్ పెట్టిన రోజున పళ్లు బిగించినప్పుడు ముందుగా అదొక్కటే తగులుతున్నట్లు అనిపిస్తే, అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా అక్కడే చెప్పి సరిచేయించుకోవాలి.

క్యాప్ వేయించుకునేదాకా జంతికలు, వక్కలు, బొమికలు ఆ వైపు నమలకండి. ఫిల్లింగ్ కదిలినా, నోట్లో చేదు రసం తగిలినా, ఆ పంటి పక్క చిగురుపై చిన్న పొక్కు కనిపించినా, అపాయింట్‌మెంట్ రోజు వరకు ఆగకుండా వెంటనే డెంటిస్టును కలవండి.