స్పీచ్‌కి ఫిన్నిష్‌లో ఒక్క మాట చాలదు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

ఫిన్లాండ్‌లో ఉండే మనవాళ్ళ కోసం రాస్తున్న పదకోశం చూశాను. స్పీచ్ అనే ఇంగ్లీషు మాట ఎదురుగా ఫిన్నిష్‌లో "పుహె" అని ఒక్క మాట పెట్టి ముందుకు పోయావు. అది సగం జవాబే.

ముందు తెలుగులో విడగొట్టుకో. స్పీచ్ ఒకచోట మాట, ఇంకోచోట ఉపన్యాసం. హక్కుల దగ్గర వాక్కు, వ్యాకరణంలో భాషాభాగం (పార్ట్ ఆఫ్ స్పీచ్), కార్టూన్‌లో బుడగ. ఒక్కో అర్థానికి ఒక ఇంగ్లీషు వాక్యం రాసుకున్నాకే ఫిన్నిష్ వైపు చూడు.

మామూలు మాటకీ, వేదిక మీది ఉపన్యాసానికీ పుహెనే. మాట్లాడే శక్తి పుహెక్యుక్యు. పక్షవాతంతో మాట పడిపోయినప్పుడు పోయేది అదే. మాట్లాడే తీరు పుహెతప, కార్టూన్ బుడగ పుహెకుప్ల, విద్వేష ప్రసంగం విహపుహె. వాక్ స్వాతంత్ర్యం దగ్గరికొచ్చేసరికి పుహె జారుకుంటుంది. అక్కడ సనన్‌వపౌస్, అంటే పదానికి స్వేచ్ఛ. 2000 మార్చి 1న అమల్లోకొచ్చిన ఫిన్లాండ్ రాజ్యాంగం 12వ సెక్షన్‌లో ఉన్నది ఈ మాటే. భాషాభాగం సనలువొక్క (పదాల తరగతి), అలంకారం, అంటే ఫిగర్ ఆఫ్ స్పీచ్, కియెలికువ (భాషలో బొమ్మ), ప్రత్యక్ష కథనం, అంటే డైరెక్ట్ స్పీచ్, సువొర ఎసిత్యుస్. వీటిలోనూ పుహె లేదు.

నామవాచకం ఒక్కటే ఇస్తే చదివేవాడు వాక్యం దగ్గర బోల్తా పడతాడు. మనం ఉపన్యాసం ఇస్తాం, కొందరు దంచుతారు కూడా, ఫిన్నిష్‌వాళ్ళు పట్టుకుంటారు. ఆ క్రియ పిత్యా. "హ్యాన్ పితి పుహేన్" అంటే ఉపన్యాసం ఇచ్చాడు, అయిపోయింది. "హ్యాన్ పితి పుహెత్త" అంటే ఇస్తూ ఉన్నాడు, ఇంకా అవలేదు. క్రియ మారలేదు చూడు, పుహె చివర విభక్తి మారిందంతే. అందుకే పుహె పక్కన పుహేన్, పుహెత్త రెండు రూపాలూ ఇవ్వాలి. అలాగే "పుహువ సినుల్లె" అంటే నీతో మాట్లాడటం, "పుహువ సినుస్త" అంటే నీ గురించి మాట్లాడటం. ఒక్క అక్షరం జారితే మాట చాడీ అయిపోతుంది!

ఉచ్చారణకు మన లిపి బాగానే పనికొస్తుంది. తులి నిప్పు, తూలి గాలి, తుల్లి సుంకం: దీర్ఘాలూ ద్విత్వాలూ మనం రాసినట్టే పలుకుతాయి. పుహెక్యుక్యులోని "క్యు" మాత్రం మోసం చేస్తుంది. అందులో యకారం లేదు. పెదాలు ఉకారానికిలా గుండ్రంగా పెట్టి, నాలుకతో ఇకారం పలకాలి. ఈ ముక్క ముందుమాటలో ఒకసారి చెప్పెయ్, ప్రతి ఆరోపంలోనూ (అర్థం ఇచ్చే ఒక్కో మాట దగ్గరా) వద్దు.

రాసిన ప్రతి మాటనీ తిరగేసి చూడు. ఫిన్లాండ్ భాషా సంస్థ కొతుస్ వారి ఫిన్నిష్–ఫిన్నిష్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితం. అందులోని ఉదాహరణ వాక్యాలు నీ ఇంగ్లీషు వాక్యంతో కలవకపోతే ఆ మాట కొట్టెయ్.

తర్వాతి ఆరోపం స్పీకర్ కదా. సభలో మాట్లాడే మనిషి పుహుయ, పాట వినిపించే పెట్టె కయుతిన్. పార్లమెంటు స్పీకర్ పుహెమియెస్, స్త్రీ అయినా అదే మాట. పూర్వం పెళ్ళికొడుకు తరఫున పిల్లనడగడానికి వెళ్ళి మాట్లాడేవాణ్ణీ పుహెమియెస్ అనేవారు. దానికి తెలుగు అర్థం వెతుక్కోనక్కర్లేదు, పెళ్ళిళ్ళ పేరయ్య అని రాసెయ్.