పేరు వెనక్కి తీసుకునే రోజు గురించి

అమ్మలూ,

నువ్వు ఈసారి అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నిలబడతానంటున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంత పెద్ద సంగతి నాకు నువ్వే చెప్పి ఉండాల్సింది. వద్దంటానని అనుకున్నావేమో. అనను. భయం మాత్రం ఉంది, అదేమిటో చెప్పడానికే ఈ ఉత్తరం. గర్వం కూడా ఉంది, అది చెప్పడం నాకు చేతకాదు.

"ఎవర్ని చూసినా ఓటెయ్యబుద్ధి కావట్లేదు పెదనాన్నా" అంటూ కిందటిసారి నోటా నొక్కి వచ్చావు. నేను కసిరాను. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన ఆ మీట మన అసంతృప్తిని లెక్కలోకి ఎక్కిస్తుందంతే. నోటాకే ఎక్కువ పడ్డా, దాని తర్వాత ఉన్న అభ్యర్థి గెలిచిపోతాడు. "అయితే ఇంకేం చెయ్యమంటావు?" అని అడిగావు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పుడు నీ జవాబు నువ్వే వెతుక్కున్నావు.

కాగితాల పని నీకు నేను నేర్పక్కర్లేదు. 25 ఏళ్లు నిండాయి, రాష్ట్రంలో ఓటు ఉంది. డిపాజిట్ 10,000, పోలైన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే పోతుంది, పోనీ. ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరువు. అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకు, ఏమీ లేకపోతే 'లేదు' అని రాయి. నామినేషన్ వేశాక ప్రమాణం చెయ్యడం మర్చిపోకు. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పజెప్పు. ఓడిపోయాం కదా ఇక లెక్కలెందుకని వదిలేస్తే మూడేళ్లు అనర్హత పడుతుంది.

1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్నా తమ గోడు వినే నాథుడు లేడని అంతమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు ఏకంగా పుస్తకమైంది. ఆ ఏడాదే చట్టం మార్చి అసెంబ్లీ డిపాజిట్‌ను 250 నుంచి 5,000కు పెంచారు, ఇండిపెండెంట్లకు పదిమంది ప్రతిపాదకులు, అంటే పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటర్లు, ఉండాలన్నారు. 2019లో నిజామాబాద్‌లోనూ అంతే, బరిలో 185 మంది, ఎక్కువమంది రైతులే. వాళ్లకి గెలుస్తామన్న ఆశ ఉందో లేదో గానీ, ఆఖరిదాకా పేరు మాత్రం ఉంచారు. అమ్మలూ, ఆ పని నేను చెయ్యలేకపోయాను.

1999లో నేనూ నామినేషన్ వేశాను. నీకెప్పుడూ చెప్పలేదు. మీ నాన్నకు తెలుసు, ఆయన కూడా ఆ మాట ఎత్తేవాడు కాదు. మా ఊరి ఆసుపత్రికి డాక్టరు లేడు. ఎన్ని అర్జీలు పెట్టినా రాలేదు. ఎవరో ఒకరు నిలబడి అడగాలి అంటే నన్ను ముందుకు తోశారు. ప్రతిపాదకులుగా ఎవరుంటారా అని నేను టెన్షన్ పడుతుంటే పదిమందీ ఒక్క పూటలో వచ్చారు. అందులో ఒకావిడకు సంతకం రాదు. వేలిముద్ర అధికారి ముందే వెయ్యాలి కాబట్టి ఆ రోజు కూలి మానుకుని నాతోపాటు ఆఫీసుకొచ్చింది. సాయంత్రం దాకా బయట నిలబడింది. వేలిముద్ర వేసి, సిరా చీర చెంగుకి తుడుచుకుని నవ్వింది.

ఉపసంహరణకు, అంటే పేరు వెనక్కి తీసుకునే ఆఖరి రోజుకు, ముందురోజు రాత్రి పెద్ద అభ్యర్థి తరఫున ఒకాయన మా ఇంటికొచ్చాడు. బెదిరించలేదు. బెదిరిస్తే నేను మొండికేసేవాణ్ణి. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మీరు అడిగేది న్యాయమే. మేం గెలిచిన నెలలోపు డాక్టరును వేయిస్తాం. మీరు నిలబడితే ఓట్లు చీలి అవతలివాడు వస్తాడు, అప్పుడు డాక్టరూ ఉండడు, మీరూ ఉండరు" అన్నాడు. నాకు అది నిజమనిపించింది. అలసిపోయి కూడా ఉన్నాను. పదిమందిలో ఒక్కరిని కూడా అడగకుండా తెల్లారేసరికి ఉపసంహరణ కాగితం మీద సంతకం పెట్టేశాను.

అంతకన్నా పెద్ద తప్పు తర్వాత చేశాను. ఆ కాగితం అభ్యర్థే వెళ్లి ఇవ్వాలనేం లేదు, రాసిస్తే ప్రతిపాదకుడు కూడా ఇవ్వచ్చు. నాకు ముఖం చెల్లలేదు. నన్ను ప్రతిపాదించిన ఒక దర్జీ చేతికే ఇచ్చి పంపాను. ఆయన చదివాడు, నా వంక చూశాడు, ఏమీ అనకుండా సైకిలెక్కి వెళ్లాడు. మధ్యాహ్నం నాకు మనసు ఆగక పరుగెత్తుకెళ్లాను. కానీ ఒకసారి ఇచ్చిన ఉపసంహరణను చట్టప్రకారం రద్దు చేసుకోలేం. అధికారి పాపం నెమ్మదిగానే చెప్పాడు.

డాక్టరు రాలేదు. వేలిముద్ర వేసినావిడ వారం తర్వాత ఎదురుపడి, "నేను ముద్ర ఏసింది నీ కోసం కాదయ్యా, డాక్టరు కోసం" అంది. ఆ తర్వాత ఆవిడ ఓటెయ్యడానికి వెళ్లలేదని విన్నాను. అందరూ ఒకటేనని ఆవిడ అనుకుంటే ఆ 'అందరి'లో నేనూ ఉన్నాను.

అందుకే గట్టిగా చెప్తున్నాను, విసుక్కోకు. నీ పదిమందిని పేరున్నవాళ్లని చూసి ఎంచుకోకు, ఆ నియోజకవర్గం ఓటర్లయి ఉండి, నిన్ను ఎదురు ప్రశ్నించగలవాళ్లని ఎంచుకో. నామినేషన్ల పరిశీలన అయ్యాక ఉపసంహరణ గడువు దాకా మధ్యలో ఉండేది రెండు రోజులే. ఆ రెండు రోజులూ ఎవరితోనూ ఒంటరిగా కూర్చోకు. ఖాళీ కాగితం మీద సంతకం ఎవరికీ ఇవ్వకు. నిజంగానే తప్పుకోవాల్సి వస్తే పదిమందినీ కూర్చోబెట్టి అడిగి, నువ్వే స్వయంగా వెళ్లి ఇవ్వు. ఓడిపోతే ఏడుద్దువుగాని, పక్కన నేనుంటాను. నీ ఓటమి గురించి నాకు దిగుల్లేదు.

చిన్నప్పుడు నీకు చీకటంటే భయం, నా వేలు పట్టుకునే పెరట్లోకి వెళ్లేదానివి. ఇప్పుడు భయం నా వంతైంది. పరిశీలన రోజు పొద్దున్నే బయల్దేరి మీ ఇంటికొస్తాను, నువ్వు వద్దన్నా వస్తాను. నీకు సలహాలు చెప్పి విసిగించను, వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటానంతే. ఆఖరి రోజు మధ్యాహ్నం మూడింటికి గడువు దాటాక, నువ్వు భోంచేశావని చూసి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న