గట్ బ్యాక్టీరియా, లావు, పేగు క్యాన్సర్: ప్రోబయోటిక్ వేసుకుంటే సరిపోతుందా?

లావుగా ఉన్నవాళ్ళ పేగుల్లో బ్యాక్టీరియా వేరేగా ఉంటుందట కదా, దానివల్ల పెద్దపేగు క్యాన్సర్ వస్తుందా, ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న) క్యాప్సూల్స్ వేసుకుంటే తప్పుతుందా అని అడిగారు. నేను డాక్టర్ని కాదండి, కానీ మా నాన్నగారికి ఈ క్యాన్సర్ వచ్చింది, అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నా, కనపడిన డాక్టర్నల్లా అడుగుతున్నా.

బరువుకీ బ్యాక్టీరియాకీ లింక్ ఉన్నమాట నిజమే. 2013లో అమెరికా సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ అనే శాస్త్రవేత్త వాళ్ళ టీమ్ ఒకరు లావు ఒకరు సన్నం ఉన్న కవలల్ని చూసుకుని, వాళ్ళ మలంలోని బ్యాక్టీరియాని ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కించారు. లావు మనిషిది ఎక్కించిన ఎలుకలకి కొవ్వు ఎక్కువ పట్టింది. అసలు విషయం ఆ తర్వాతది, రెండు రకాల ఎలుకల్నీ ఒకే బోనులో పెడితే (ఒకదాని మలం ఇంకోటి తింటాయి కదా) సన్నవాళ్ళ బ్యాక్టీరియా లావు ఎలుకల్లోకి పాకి కొవ్వు పట్టకుండా ఆపింది, అదీ కొవ్వు తక్కువ, కూరగాయలూ పళ్ళూ ఎక్కువ ఉన్న తిండి పెట్టినప్పుడే, కొవ్వు తిండి పెడితే ఆ మంచి బ్యాక్టీరియా నిలబడనే లేదు. ఎలుకల్లో జరిగిందల్లా మనకీ జరుగుతుందని కాదు గానీ, తిండి మార్చకుండా క్యాప్సూల్ ఒక్కటీ మింగితే ఏం లాభం చెప్పండి.

క్యాన్సర్ సంగతికొస్తే, పెద్దపేగు లోపలి పొరకి ముఖ్యమైన ఆహారం బ్యుటిరేట్ అనే పదార్థం, మనం తిన్న పీచుని బ్యాక్టీరియా పులియబెడితేనే అది తయారవుతుంది. కొవ్వు ఎక్కువ తింటే పైత్యరసం ఎక్కువ ఊరుతుంది, దాన్ని కొన్ని బ్యాక్టీరియా డీఆక్సీకోలిక్ యాసిడ్‌గా మారుస్తాయి, అది పేగు గోడకి మంచిది కాదు. 2015లో వచ్చిన ఒక స్టడీలో పిట్స్‌బర్గ్‌లోని 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లకి పీచు ఎక్కువ ఉండే దక్షిణాఫ్రికా పల్లెటూరి తిండి, ఆ పల్లెల్లోని 20 మందికి కొవ్వు ఎక్కువ ఉండే అమెరికా తిండి రెండు వారాలు పెట్టారు, అంతలోనే పీచు తిన్నవాళ్ళకి బ్యుటిరేట్ పెరిగి పేగు వాపు (ఇన్ఫ్లమేషన్) తగ్గింది, రెండోవాళ్ళకి రివర్స్ అయింది. ఇవి కాక నోట్లో ఉండే ఫ్యూసోబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా పేగు కణితుల్లో దొరుకుతోంది, కోలిబాక్టిన్ అనే విషం తయారుచేసే ఒకరకం ఈ.కోలి డీఎన్‌ఏనే దెబ్బతీస్తుంది, 2025లో వచ్చిన స్టడీలో చూస్తే ఆ దెబ్బల గుర్తులు చిన్న వయసులో క్యాన్సర్ వచ్చినవాళ్ళలోనే ఎక్కువ కనిపించాయి. ఈ బ్యాక్టీరియా సన్నగా ఉన్నవాళ్ళలోనూ ఉంటాయి. లావు వల్ల ఇన్సులిన్ పెరగడం, ఒంట్లో వాపు, అది క్యాన్సర్‌కి విడిగా ఇంకో దారి.

మా నాన్నగారు మరీ లావు కాదు, బొజ్జ ఉండేది, షుగర్ ఉంది. విరేచనంలో రక్తం పడుతుంటే అందరూ మొలలే అన్నారు, చూసిన డాక్టరూ పరీక్ష చెయ్యకుండా ఆయింట్‌మెంట్ రాసిచ్చారు, నెలల తరబడి అదే నడిచింది, హిమోగ్లోబిన్ బాగా పడిపోయాక ఇంకో చోట కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తే కణితి బయటపడింది. ఆపరేషన్, కీమో అయ్యాయి, ఇప్పుడు బానే ఉన్నారు. ఆ నెలలు వృథా అయ్యాయనే బాధ మాత్రం నాకు పోదు.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి తెల్లన్నం మానేసి జొన్నరొట్టె, ఉలవలో శనగలో, ఏదో ఒక ఆకుకూర తింటున్నాం. 2000 కేలరీలకి 30 గ్రాముల పీచు ఉండాలని హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ చెప్తుంది, మూడుపూటలా పాలిష్ బియ్యం తింటే అది అందదు. పీచు ఒకేసారి పెంచకండి, గ్యాస్ పడుతుంది. పెరుగు తినండి, మంచిదే, కానీ క్యాన్సర్ ఆపుతుందని ఏ ప్రోబయోటిక్ గురించీ రుజువు లేదు, పేగు బ్యాక్టీరియా ఎలా ఉందో చెప్తామనే గట్ టెస్ట్ కిట్లకి డబ్బు తగలేయకండి.

ఆ డబ్బు కొలనోస్కోపీకి పెట్టండి. రక్తం పడినా, మలవిసర్జన అలవాటు మారి వారాలైనా, కారణం లేకుండా బరువు తగ్గినా మొలలని మీరే తేల్చుకోకండి. అమ్మకో నాన్నకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చుంటే 40 ఏళ్ళకి, లేదా వాళ్ళకి బయటపడిన వయసుకి 10 ఏళ్ళు ముందు, ఏది ముందైతే అప్పుడు చేయించుకోమంటారు. నేనూ చేయించుకున్నా, ఒక పాలిప్ (పేగు లోపలి గోడమీద పెరిగే చిన్న బుడిపె) ఉంటే అక్కడికక్కడే తీసేశారు.