శాస్త్రీయ నామంతో మొదలయ్యే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ చివరి సంవత్సరం. చెట్లన్నా జంతువులన్నా ప్రాణం. అడవిలో తిరిగే ఉద్యోగమంటే మాకు భయం. వన్యప్రాణి రక్షణలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని ఉందా? – ఒక తల్లి, రాజంపేట

జవాబు: ఉందమ్మా. పట్టుబడిన వస్తువు ఏ జాతిదో, దాని వ్యాపారానికి ఏ నిబంధన వర్తిస్తుందో వెతికి చెప్పే పని. దాని మొదటి పాఠం మీ ఊరి పక్క శేషాచలం కొండల్లోనే ఉంది.

ఓడరేవులోనో విమానాశ్రయంలోనో కలప, తోలు, బతికున్న జీవి పట్టుబడినప్పుడు ముందుగా తేలవలసింది అది ఏ జాతి, దాని వ్యాపారానికి అనుమతి ఉందా అన్నదే. ఇందుకు ఆధారం సైటిస్, అంటే ముప్పున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే దేశాల ఒప్పందం. అది జాతులను అనుబంధాలనే మూడు జాబితాల్లో ఉంచుతుంది. 1975లో అమల్లోకి వచ్చింది, మరుసటి ఏడాది భారత్ చేరింది. అనుబంధం 1లోని జాతులను అడవి నుంచి తెచ్చి అమ్ముకోవడం దాదాపు నిషిద్ధం. అనుబంధం 2లోని వాటికి ఎగుమతి పర్మిట్ తప్పనిసరి. ఏదో ఒక దేశం సాయం కోరి చేర్పించినవి మూడో దానిలో ఉంటాయి.

ఈ రాత్రే అమ్మాయిని ఏ జాతి ఏ అనుబంధంలో ఉందో చూపే ‘స్పీసీస్ ప్లస్’ వెబ్‌సైటు తెరవమనండి, ఉచితమే. ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలినస్ అని వెతికితే అనుబంధం 2 అని, 1995 నుంచి అందులో ఉందని తెలుస్తుంది. చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. నాకు బాధ కలిగేది అక్కడే. పక్కన షరతును సూచించే 7వ నంబరు గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే దుంగలు, చెక్క ముక్కలు, పొడి, సారం అని కనిపిస్తుంది. సైటిస్ నియంత్రణ వాటికే. అలాగని చెక్కిన బొమ్మను హాయిగా పంపించేయవచ్చని కాదు. మన దేశపు అటవీ చట్టాలు, ఎగుమతి విధానం వేరుగా ఉన్నాయి, వాటినీ చూడాలి. ఆ రెండో అడుగు వేసే మనిషి దొరకడమే కష్టం.

తర్వాత శ్రీగంధం చూడమనండి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో అది ముప్పున్న జాతే, సైటిస్ అనుబంధాల్లో మాత్రం లేదు. ఒక జాతి అంతరించే ప్రమాదం ఎంతో చెప్పేది రెడ్ లిస్ట్. సరిహద్దు దాటించవచ్చా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేస్తే అధికారి ముందు తప్పుడు సమాధానం ఇచ్చినట్టే. నక్షత్ర తాబేలు 2019 నవంబరు వరకు రెండో అనుబంధంలో ఉండేది, ఇప్పుడు మొదటి దానిలో ఉంది. పాత పుస్తకాన్ని నమ్ముకుంటే పట్టుబడిన తాబేళ్ల విషయంలో ఎంత పొరపాటు జరుగుతుందో ఆలోచించండి. అందుకే చూసిన తేదీని కూడా రాసుకోవాలి.

ఇదొక్కటే పనిగా ఉండే పోస్టులు తక్కువ, ఆ మాట దాచను. కస్టమ్స్, వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో, బొటానికల్ సర్వే, మూలికలు, కలప ఎగుమతి సంస్థలు, ఇలా చాలాచోట్ల ఈ నేర్పు అవసరం. స్వాధీనం చేసుకున్న మాంసం, చర్మం ఏ జంతువువో డీఎన్‌ఏతో తేల్చే ప్రయోగశాల హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి ఉంది. డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ ఉంది, ప్రవేశ పరీక్షకు ఇప్పటినుంచే చదవాలి.

దరఖాస్తుకు ముందు మీ చుట్టుపక్కల జాతులు ఇరవై ఎంచుకుని శాస్త్రీయ నామం, అనుబంధం, షరతు, చూసిన తేదీ ఒక నోటుపుస్తకంలో రాయమనండి. ఒక్కసారైనా కాలేజీ వాళ్లతో అడవికి పంపండమ్మా. ఎర్రచందనం బెరడును చేత్తో తాకనిదే తెర మీద కనిపించే పేరు గుర్తుండదు.