గోల్ఫ్ గేమ్‌లో తీరపు చిత్తడి నేల సహజంగా కనిపించాలంటే

వీడియో గేమ్ గోల్ఫ్ కోర్సు పక్కన అమర్చిన ఉప్పునీటి చిత్తడి కృత్రిమంగా ఎందుకు కనిపిస్తుందన్నది ప్రశ్న. గడ్డిని అంతటా ఒకే ఎత్తులో పరచడమే చాలావరకు దీనికి కారణం. అమెరికా ఆగ్నేయ తీరంలో, 1969లో ప్రారంభమైన హార్బర్ టౌన్ కోర్సు ఉన్న ప్రాంతంలో, రోజుకు రెండుసార్లు పోటునీరు తడిపే స్పార్టినా గడ్డి పాయల గట్ల వెంబడి పొడవుగా, లోపలికి పోయేకొద్దీ పొట్టిగా పెరుగుతుంది. ఇంకాస్త మెరక మీద బూడిదరంగు జంకస్ అనే గడ్డిలాంటి మొక్క దట్టమైన గుంపులుగా కనిపిస్తుంది. కాబట్టి ముందుగా నేల ఎత్తును అతి స్వల్ప తేడాలతో మలచి, చెట్టు కొమ్మల్లా చీలుతూ మెలికలు తిరిగే పాయలను తవ్వి, ఆ తరువాతే ఎత్తును బట్టి మొక్కలను నాటాలి. ఈ క్రమాన్ని తప్పితే ఎంత మంచి టెక్స్చర్ (ఉపరితలంపై అతికించే చిత్రం) వాడినా ఫలితం ఉండదు. నీటికి నీలం కాక ఒండ్రు కలిసిన గోధుమరంగు ఇచ్చి, పాయల అంచున తడి బురద మెరుపు చూపండి.